స్పామ్ గుర్తు ఎక్కడ చూడాలి? ఐమ్యాప్ ప్రోగ్రాంలో ఫోల్డర్, కీవర్డు, హెడర్ మధ్య ఎంపిక

చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి చేసే ఒక ఆఫీసుకు నేను అప్పుడప్పుడు కంప్యూటర్ పనులు చేసిపెడుతుంటాను. ఆ మధ్య ఒకరోజు యజమాని ఫోను చేసి రమ్మన్నారు. ఇటలీ నుంచి రెండు కంటైనర్ల బ్లాక్ గెలాక్సీ పలకలకు ధర అడుగుతూ వచ్చిన మెయిల్ ఒకటి పదకొండు రోజులు జంక్ ఫోల్డర్‌లో పడి ఉందట. గుమాస్తా చూసి జవాబు రాసేసరికి అవతలివాళ్లు వేరే చోట కొనేసుకున్నారు.

“వేరే చోట అంటే ఎక్కడో కాదు బాబూ, మన రోడ్డు మీదే, నాలుగు ఫ్యాక్టరీల అవతల” అన్నారాయన. “గంటకోసారి ఆ చెత్తబుట్టలోకి తొంగిచూసి, పనికొచ్చేది కనిపిస్తే నా ఫోనుకు చెప్పే ప్రోగ్రాం రాయగలవా?”

“చిన్న పనేనండీ” అన్నాను. ఆ చిన్న పనికి మూడు వారాలు పట్టింది.

ఆయన వ్యాపారానికి మూడు మెయిల్ పెట్టెలున్నాయి. సొంత జీమెయిల్ ఒకటి, కంపెనీ పేరుతో షేర్డ్ హోస్టింగ్‌లో (చాలామంది పంచుకునే అద్దె సర్వర్) ఒకటి, ఎగుమతుల విభాగానికి మైక్రోసాఫ్ట్ 365లో ఒకటి. మూడింటికీ ఐమ్యాప్, అంటే సర్వర్‌లో ఉన్న మెయిల్‌ను ఫోల్డర్లతో సహా చదివే పద్ధతి, ఉంది కదా, ఒకే ప్రోగ్రాం సరిపోతుందనుకున్నాను. ‘ఈ మెయిల్ స్పామా, కాదా?’ అన్న ఒక్క ప్రశ్నకు మూడూ మూడు చోట్ల సమాధానం దాచుకుంటాయని అప్పటికి నాకు తెలియదు. ఇలాంటి పని నెత్తికెత్తుకున్నవారికి ఆ మూడు వారాలు మిగలాలని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. ఐమ్యాప్‌లో ‘స్పామ్’ అనే వ్యవస్థ ఫ్లాగు, అంటే ప్రతి మెయిల్‌కూ సర్వర్ దాచుకునే ప్రామాణిక గుర్తు, లేదు. బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే ఫ్లాగులు సీన్, ఆన్సర్డ్, ఫ్లాగ్‌డ్, డిలీటెడ్, డ్రాఫ్ట్. 2003 నాటి ఐమ్యాప్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 3501లో రీసెంట్ కూడా ఉండేది, 2021లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9051 దానికి సెలవిచ్చింది. అంతే, జాబితా అయిపోయింది. ఫ్లాగ్‌డ్ అన్న పేరు చూసి ‘స్పామ్‌గా ఫ్లాగ్ చేసినది’ అనుకునే కొత్తవాళ్లు చాలామంది. అది కేవలం నక్షత్రం గుర్తు, ‘ఇది ముఖ్యం, తర్వాత చూద్దాం’ అని మనం పెట్టుకునేది. అంటే స్పామ్‌కు దాదాపు వ్యతిరేకం.

మరి స్పామ్ తీర్పు ఎక్కడుంటుంది? చీమకుర్తి వాళ్లకు చెప్పాల్సి వస్తే నేను రాయి భాషలోనే చెబుతాను. ఒక బ్లాకు గురించి మూడు సంగతులు మూడు చోట్ల తెలుస్తాయి. అది ఏ యార్డులో పడి ఉంది అన్నది మొదటిది. క్వారీలో కొలిచినవాళ్లు దాని మీద పెయింటుతో రాసిన నంబరూ కొలతలూ రెండోది. కొనడానికి వచ్చిన మనిషి చుట్టూ తిరిగి చూసి, నచ్చిందనో నచ్చలేదనో గీసిన గీత మూడోది. మెయిల్‌లో యార్డు అంటే ఫోల్డర్. క్వారీ వాళ్ల పెయింటు అంటే సర్వర్‌లోని వడపోత మెయిల్ పైభాగంలో రాసిన పంక్తి, అదే హెడర్. కొనేవాడి గీత అంటే కీవర్డు. ఈ మూడూ ఒకదానితో ఒకటి ఏకీభవించాలని ఎక్కడా నియమం లేదు.

ఫోల్డర్: అందరికీ మొదటి మెట్టు

మీ మెయిల్ జీమెయిల్ లాంటి పెద్ద సేవలో ఉంటే ఇంతకన్నా వెతకక్కర్లేదు. స్పామ్ ఫోల్డర్‌లో ఉంటే స్పామ్, లేకపోతే కాదు. జీమెయిల్ తన తీర్పును మెయిల్ హెడర్లలో రాసిపెట్టదు, కాబట్టి అక్కడ ఫోల్డరే సాక్ష్యం. ‘ఆల్ మెయిల్’ ఫోల్డర్‌లో అన్నీ ఉంటాయి కదా, అక్కడే వెతుకుదాం అనుకోకండి. స్పామ్, ట్రాష్ రెండూ అందులో ఉండవు. పైగా స్పామ్‌లో పడినవి ముప్పై రోజులకు వాటంతటవే తుడిచిపెట్టుకుపోతాయి. నెలకోసారి చూద్దామనుకునే ప్రోగ్రాం వల్ల ఉపయోగం లేదు.

ఫోల్డర్ దారిలో చిక్కు పేరుతోనే వస్తుంది. ఒకచోట ‘స్పామ్’, ఇంకొకచోట ‘జంక్’, మైక్రోసాఫ్ట్ దగ్గర ‘జంక్ ఈమెయిల్’. కొన్ని షేర్డ్ హోస్టింగ్‌లలో స్పామ్, జంక్ రెండు ఫోల్డర్లూ పక్కపక్కనే కనిపిస్తాయి: వడపోత ఒకదానిలో పడేస్తుంది, వెబ్‌మెయిల్‌లో బటన్ నొక్కితే రెండోదానిలోకి వెళుతుంది. మా యజమాని జీమెయిల్‌లో ఇంకో విశేషం. ఆయన ఖాతా భాషను తెలుగుకు మార్చుకున్నారు. దాంతో ఫోల్డర్ పేర్లు కూడా తెలుగులోకి మారిపోయాయి. ఐమ్యాప్ పాత పద్ధతిలో ఆంగ్లేతర అక్షరాలను మార్చిన యూటీఎఫ్-7 అనే సంకేత లిపిలో పంపుతుంది. నా ప్రోగ్రాంకు కనిపించింది ‘అండ్’ గుర్తుతో మొదలై, పొంతనలేని ఆంగ్ల అక్షరాలతో నిండిన ఒక తోరణం. అందులో ‘స్పామ్’ అని వెతికితే ఏం దొరుకుతుంది?

దీనికి మందు 2011లోనే వచ్చింది. ఆర్‌ఎఫ్‌సీ 6154 అనే ప్రమాణం ఫోల్డర్లకు ‘ప్రత్యేక ఉపయోగం’ గుర్తులిచ్చింది. లిస్ట్ ఆదేశానికి వచ్చే జవాబులో ప్రతి ఫోల్డర్ పక్కనా దాని లక్షణాలుంటాయి. స్పామ్ ఫోల్డర్ పక్కన బ్యాక్‌స్లాష్ జంక్ అని ఉంటుంది. పేరు తెలుగులో ఉన్నా, జర్మన్‌లో ఉన్నా ఆ లక్షణం మారదు. కాబట్టి పేరు చూసి కాదు, లక్షణం చూసి ఫోల్డర్‌ను పట్టుకోండి. లక్షణం ఇవ్వని పాత సర్వర్ తగిలితేనే పేర్ల జాబితాతో పోల్చండి. ఒకే లక్షణం రెండు ఫోల్డర్లకు ఉండవచ్చు, దొరికిన మొదటిదానితో ఆగిపోవద్దు.

జీమెయిల్‌లో స్పామ్ ఫోల్డర్ అసలు కనిపించకపోతే సెట్టింగుల్లో లేబుళ్ల పేజీ చూడండి. ప్రతి లేబుల్‌కూ ‘ఐమ్యాప్‌లో చూపించు’ అన్న గడి ఉంటుంది. ఎవరో ఎప్పుడో తీసేసి ఉంటారు. నేను ఈ గడి దగ్గర ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

ఇక పాప్3 వాడుతున్నవారికి ఒక్క మాట: దానిలో ఫోల్డర్లే లేవు, ఇన్‌బాక్సు తప్ప మరేదీ కనిపించదు. ఈ పని దానితో కాదు.

కీవర్డు: మనిషి చెప్పిన మాట

వ్యవస్థ ఫ్లాగులు కాక, సర్వర్ అనుమతిస్తే ఎవరైనా కొత్త గుర్తులు పుట్టించవచ్చు. వాటిని కీవర్డులంటారు. సాధారణంగా మెయిల్ చదివే ప్రోగ్రాంలో ‘ఇది జంక్’ అనే బటన్ నొక్కినప్పుడు ఇవి పడతాయి. ఆర్‌ఎఫ్‌సీ 9051లో వీటికి పేర్లు కూడా ఖరారయ్యాయి. డాలర్ గుర్తుతో మొదలయ్యే జంక్, నాట్‌జంక్, ఫిషింగ్. జంక్, నాట్‌జంక్ రెండూ ఒకే మెయిల్ మీద ఉంటే రెండూ లేనట్టే లెక్కగట్టాలని అదే ప్రమాణం చెబుతోంది. ఇది పుస్తకంలో రాసుకునే మాట మాత్రమే కాదు. ఒకే పెట్టెను రెండు ప్రోగ్రాంలతో తెరిచే ఆఫీసుల్లో నిజంగానే రెండు గుర్తులూ కలిసి కనిపిస్తాయి.

అయితే ప్రమాణం ఒకటి, ఆచారం ఇంకొకటి. థండర్‌బర్డ్ డాలర్ లేకుండా జంక్ అని, కాకపోతే నాన్‌జంక్ అని రాస్తుంది. నాట్‌జంక్ కాదు, నాన్‌జంక్. ఆపిల్ మెయిల్ వాడే చోట డాలర్ ఉన్నవీ లేనివీ, వాటికి తోడు జంక్‌రికార్డెడ్ అనేదీ కనిపిస్తాయి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు కనుక పోల్చేముందు అన్నిటినీ చిన్నక్షరాలకు మార్చి, డాలర్ తీసేసి చూడటం నా అలవాటు. జంక్‌కు ఒక సమూహం, కాదు అనేదానికి నాట్‌జంక్, నాన్‌జంక్ కలిపి మరో సమూహం.

కీవర్డు ఎప్పుడు పనికొస్తుందో నాకు చీమకుర్తిలో కాదు, నెల్లూరులో తెలిసింది. తీరం వైపున్న ఒక రొయ్యల హేచరీ ఆఫీసులో ఐదుగురు ఒకే మెయిల్ పెట్టెను థండర్‌బర్డ్‌లో తెరుస్తారు. సీడు ఆర్డర్లు, లారీ సమాచారం, ల్యాబు రిపోర్టులు అన్నీ అందులోకే వస్తాయి. పనికిరానిది కనిపిస్తే ఎవరో ఒకరు జంక్ గుర్తు మీద నొక్కుతారు. వాళ్ల సెట్టింగు వల్ల ఆ మెయిల్ ఎక్కడికీ కదలదు, ఇన్‌బాక్సులోనే ఉంటుంది. ఫోల్డర్ చూస్తే ఒక్క స్పామ్ కూడా లేదు. సర్వర్‌లో వడపోత లేదు కనుక హెడర్లలోనూ ఏమీ లేదు. కీవర్డు వెతికితే మాత్రం ఐదుగురి తీర్పులూ వరసగా బయటపడ్డాయి. ఆ మెయిళ్లను పక్కకు తీసి మిగతావి లెక్కగట్టే ప్రోగ్రాంకు అంతకన్నా మంచి ఆధారం లేదు.

కీవర్డుల వెతుకులాట వేగంగా కూడా జరుగుతుంది. ఫ్లాగులు సర్వర్ సూచికలోనే ఉంటాయి కనుక ఒక్కో మెయిల్ విప్పి చూడాల్సిన పని లేదు. సెర్చ్ ఆదేశంలో కీవర్డ్ అని రాసి పేరు ఇస్తే చాలు, లేనివి కావాలంటే అన్‌కీవర్డ్. సర్వర్ కాండ్‌స్టోర్ అనే పొడిగింపును సమర్థిస్తే ‘నేను కిందటిసారి చూసిన తర్వాత ఏ మెయిళ్ల ఫ్లాగులు మారాయి?’ అని మాత్రమే అడగవచ్చు. పెద్ద పెట్టెలకు ఇది వరం.

మీరే కీవర్డు రాయాలనుకుంటే ఫోల్డర్ తెరిచినప్పుడు వచ్చే పర్మనెంట్‌ఫ్లాగ్స్ జవాబు చూడండి. అందులో బ్యాక్‌స్లాష్ పక్కన నక్షత్రం ఉంటే కొత్త గుర్తులు పెట్టుకోవచ్చు. లేకపోతే మీరు రాసింది నిలుస్తుందన్న హామీ లేదు. ఇంకొకటి: జీమెయిల్‌కు ‘ఇది స్పామ్’ అని చెప్పాలంటే స్పామ్ ఫోల్డర్‌లోకి తరలించండి. కీవర్డు పెట్టి, అది నేర్చుకుంటుందని ఎదురుచూడకండి.

హెడర్: యంత్రం చెప్పిన మాట, నేను పడిన గొయ్యి

సొంత సర్వర్ లేదా షేర్డ్ హోస్టింగ్ ఉన్నవారికి హెడర్ దారిలో దొరికినంత సమాచారం మరెక్కడా దొరకదు. చాలాచోట్ల స్పామ్‌అసాసిన్ అనే వడపోత నడుస్తుంటుంది. అది మెయిల్‌కు మార్కులు వేసి, హద్దు దాటితే స్పామ్ అంటుంది. మొదట్లో ఉండే హద్దు 5.0. ఫలితాన్ని ఎక్స్-స్పామ్-ఫ్లాగ్, ఎక్స్-స్పామ్-స్టేటస్, ఎక్స్-స్పామ్-లెవెల్ అనే హెడర్లలో రాస్తుంది. స్టేటస్‌లో అవును లేదా కాదు, వచ్చిన మార్కులు, హద్దు, ఏ పరీక్షల్లో పట్టుబడిందో ఆ పేర్లు ఉంటాయి. లెవెల్‌లో ఎన్ని మార్కులో అన్ని నక్షత్రాలు. చీమకుర్తి యజమానికి ‘ఇది స్పామ్’ అని చెప్పడం వేరు, ‘5.2 మార్కులతో అంచు మీద ఉంది, ఒకసారి చూడండి’ అని చెప్పడం వేరు. రెండోది హెడర్ లేకుండా సాధ్యం కాదు.

ఇప్పుడు నా తప్పు. హోస్టింగ్ పెట్టెలో స్పామ్ మెయిళ్లు ఇన్‌బాక్సులోనే ఉంటున్నాయని గమనించి, వాటిని జంక్‌లోకి మార్చే ముక్క ఒకటి రాశాను. సెర్చ్ ఆదేశంలో హెడర్ అని, ఎక్స్-స్పామ్-స్టేటస్ అని, వెతకాల్సిన మాటగా ‘యస్’ అని ఇచ్చాను. రాత్రి పదకొండుకు పెట్టి పడుకున్నాను. పొద్దున్నే గుమాస్తా ఫోను: “సార్, ఇన్‌బాక్సు ఖాళీగా ఉంది. నిన్నటిదాకా వచ్చిన మెయిళ్లన్నీ ఏమైపోయాయి సార్?”

అన్నీ జంక్‌లో ఉన్నాయి. ఎందుకో అర్థం కావడానికి ఒక మంచి మెయిల్ హెడర్‌ను అక్షరం అక్షరం చదవాల్సివచ్చింది. స్టేటస్ మొదట్లో స్పష్టంగా ‘నో’ అనే ఉంది. మార్కులు సున్నాకన్నా తక్కువ. కానీ పరీక్షల పేర్ల వరసలో బేయెస్ అండర్‌స్కోర్ 00 అని ఉంది. బేయెస్ గణాంక పద్ధతి ప్రకారం ఇది మంచి మెయిల్ అని దాని అర్థం. ఆ పేరును ఆంగ్లంలో రాసి చూడండి: బి, ఏ, వై, ఈ, ఎస్. చివరి మూడు అక్షరాలూ కలిపితే ‘యస్’! ఐమ్యాప్ సెర్చ్ పూర్తి మాట కోసం చూడదు, ఎక్కడైనా ఆ అక్షరాలు వరసగా కనిపిస్తే చాలు, దొరికినట్టే. ‘ఇది మంచిది’ అని చెప్పే పరీక్ష పేరే నా ప్రోగ్రాంకు ‘ఇది చెడ్డది’ అని వినిపించింది.

కథ అక్కడితో ఆగలేదు. ఆ సర్వర్‌లో డవ్‌కాట్ అనే ఐమ్యాప్ సాఫ్ట్‌వేర్ ఉంది. జంక్ ఫోల్డర్‌లోకి ఎవరైనా మెయిల్ మారిస్తే, ‘మనిషి దీన్ని స్పామ్ అంటున్నాడు’ అని వడపోతకు నేర్పే ఏర్పాటు దానిలో చేసుకోవచ్చు. అక్కడ చేసి ఉంది. అంటే యూరప్ కొనుగోలుదారుల మెయిళ్లన్నిటినీ స్పామ్ అని నేను రాత్రంతా దానికి పాఠం చెప్పాను. యజమాని చెత్తబుట్టలో ముత్యాలు ఏరమంటే, నేను ముత్యాలన్నీ చెత్తబుట్టలో పోశాను. తరలించినప్పుడు సర్వర్ ఇచ్చే కాపీయూఐడీ జవాబును, అంటే పాత నంబరు ఏ కొత్త నంబరైందో చెప్పే వరసను, నా లాగ్ ఫైలు దాచుకోబట్టి ఒక్కోటీ వెనక్కి తెచ్చాను. ఫోల్డర్ మారితే మెయిల్ యూఐడీ, అంటే ఆ ఫోల్డర్‌లో దాని నంబరు, మారిపోతుంది. ఆ లాగ్ లేకపోతే మెసేజ్-ఐడీలు పట్టుకుని వెతుక్కుంటూ కూర్చోవాల్సివచ్చేది.

అందుకని హెడర్ వెతుకులాటకు ఎక్స్-స్పామ్-ఫ్లాగ్ వాడండి, స్టేటస్ వద్దు. స్టేటస్ కావాలంటే మెయిల్ హెడర్‌ను తెచ్చుకుని, మీ ప్రోగ్రాంలోనే మొదటి మాట చూడండి. ఫ్లాగ్ హెడర్‌తోనూ ఒక సంగతి మరవొద్దు. స్పామ్‌అసాసిన్ మామూలుగా దాన్ని స్పామ్ మెయిల్‌కే తగిలిస్తుంది. అది లేదంటే మంచి మెయిల్ కావచ్చు, అసలు పరీక్షే జరగకపోయి ఉండవచ్చు. ఈ రెండింటి తేడా స్టేటస్ ఉందా లేదా అన్నదానితో తెలుస్తుంది. కాబట్టి ప్రోగ్రాంలో అవును, కాదు అని రెండు గడులు కాకుండా, ‘తెలియదు’ అనే మూడో గడి పెట్టుకోండి.

ఆర్‌స్పామ్‌డీ అనే మరో వడపోత నడిచే చోట పేర్లు వేరు. ఎక్స్-స్పామ్‌డ్-రిజల్ట్ లాంటివి కనిపిస్తాయి, మార్కుల హద్దులూ వేరు. మైక్రోసాఫ్ట్ 365లో ఎక్స్-ఫోర్‌ఫ్రంట్-యాంటీస్పామ్-రిపోర్ట్ అనే పొడవాటి హెడర్‌లో ఎస్‌సీఎల్ (స్పామ్ అన్న నమ్మకం ఎంతో చెప్పే స్థాయి) అని ఒక అంకె ఉంటుంది. 5 లేదా 6 అయితే స్పామ్, 9 అయితే గట్టి నమ్మకంతో స్పామ్, మైనస్ 1 అయితే వడపోతను దాటవేశారని అర్థం. అన్నిటినీ ఒకే గాటన కట్టే సూత్రం లేదు. ప్రతి సర్వర్‌కూ చిన్న అనువాదకుడిని రాసుకోవాల్సిందే.

ఇక నమ్మకం సంగతి. హెడర్ అన్నది మెయిల్‌లో ఒక పంక్తి. పంపేవాడు కూడా ‘ఇది స్పామ్ కాదు’ అని ముందే రాసి పంపవచ్చు. స్పామ్‌అసాసిన్ అలాంటి పాత పంక్తులను తీసేసి తనవి రాస్తుంది. అది మీ సర్వర్‌లో నడుస్తోందని మీకు రూఢిగా తెలిసినప్పుడే ఆ హెడర్ మాట వినండి. ఎవరి సర్వర్ రాసిందో తెలియని పెయింటు గుర్తును చూసి రాయి కొనరు కదా.

ఎవరికి ఏది

మెయిల్ పెట్టె ఎవరి సర్వర్‌లో ఉంది అన్నదే తేల్చుకోవాల్సిన మొదటి ప్రశ్న. జీమెయిల్ అయితే ఫోల్డర్ ఒక్కటే. మిగతా రెండింటి మీద సమయం పెట్టకండి. మైక్రోసాఫ్ట్ 365 అయితే ఫోల్డర్‌తో మొదలుపెట్టి, ఎంత గట్టి స్పామో తెలియాలంటే ఎస్‌సీఎల్ చూడండి. సొంత సర్వర్ లేదా హోస్టింగ్ అయితే హెడర్ ముఖ్యం, ఫోల్డర్ తోడు. పదిమంది చదివే ఉమ్మడి పెట్టె అయితే, అది ఏ సర్వర్‌లో ఉన్నా సరే, కీవర్డులు తప్పక చూడండి.

మూడూ ఉండి, మూడూ తలో మాట చెబితే? నా వరస ఇది: మనిషి మాటకు మొదటి పీట, ఫోల్డర్‌కు రెండోది, యంత్రం మార్కులకు మూడోది. నాట్‌జంక్ అని మనిషి చెప్పిన మెయిల్‌కు ఎనిమిది మార్కులు పడినా అది మంచిదే. కానీ హెచ్చరికలు పంపే ప్రోగ్రాంకైతే ఈ వరసలో చిన్న మార్పు చేస్తాను. మూడింటిలో ఏ ఒక్కటి ‘స్పామ్’ అన్నా ఆ మెయిల్‌ను పరిశీలన జాబితాలోకి తీసుకుంటాను. పోగొట్టుకోవడం కన్నా ఒకసారి ఎక్కువ చూడటం నయం. తరలించే, తుడిచేసే ప్రోగ్రాంకు దీనికి సరిగ్గా వ్యతిరేకం: కనీసం రెండు ఆధారాలు కలిసిరానిదే చెయ్యి పెట్టదు.

యజమాని ఫోనుకు ఏది పంపాలన్నది స్పామ్ గుర్తుతో తేలదు. జంక్‌లో పడినవాటిలో లాటరీ మెయిళ్లే ఎక్కువ. అక్కడ ఆథెంటికేషన్-రిజల్ట్స్ హెడర్ ఆదుకుంది. పంపినవారి డొమైన్ నిజమైనదేనా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పరీక్షల ఫలితాలు అందులో ఉంటాయి. జీమెయిల్ కూడా దీన్ని రాస్తుంది. డీమార్క్ నెగ్గి, ఆ చిరునామాకు మనం ఎప్పుడో ఒకసారి మెయిల్ పంపి ఉంటే, అంటే సెంట్ ఫోల్డర్‌లో అది దొరికితే, వెంటనే ఫోనుకు వెళుతుంది. మిగిలినవి సాయంత్రం ఒకే జాబితాగా వెళతాయి. ఇటలీ మెయిల్ లాంటి కొత్త పరిచయాలు ఆ జాబితాలో ఉంటాయి కనుక గుమాస్తా దాన్ని చదవక తప్పదు.

ఏ లైబ్రరీ

నేను రాసింది పైథాన్‌లో. దానితో పాటే వచ్చే ఇమ్యాప్‌లిబ్ పని చేస్తుంది కానీ పచ్చి జవాబులు చేతికిస్తుంది. తెలుగు ఫోల్డర్ పేర్లను విప్పదు, ఫ్లాగులను మనమే విడగొట్టుకోవాలి. ఐమ్యాప్‌క్లయింట్ అనే విడి లైబ్రరీ ఆ పేర్లను తానే విప్పుతుంది. ప్రత్యేక ఫోల్డర్ వెతికే ఫంక్షన్‌కు ‘జంక్’ అని ఇస్తే సరైన ఫోల్డర్ తెచ్చిపెడుతుంది. పైథాన్ తెలిసినవారు రెండో ఆలోచన లేకుండా దీన్ని తీసుకోవచ్చు. నోడ్‌లో (జావాస్క్రిప్ట్) రాసేవాళ్లకు ఐమ్యాప్‌ఫ్లో కూడా ఇంతే సుఖం. సర్వర్ లక్షణం ఇవ్వకపోతే పేరును బట్టి ఊహించి, ఆ ఊహ ఎక్కడిదో కూడా చెబుతుంది.

పీహెచ్‌పీలో రాసేవారికి మాత్రం జాగ్రత్త చెప్పాలి. పాత ఐమ్యాప్ ఎక్స్‌టెన్షన్ పీహెచ్‌పీ 8.4 నుంచి మూల ప్యాకేజీలో లేదు, పెకిల్ అనే విడి ఎక్స్‌టెన్షన్ల నిల్వకు వెళ్లిపోయింది. దాని అడుగున ఉన్న సి-క్లయింట్ లైబ్రరీని చాలా ఏళ్లుగా ఎవరూ పట్టించుకోవడం లేదు. అంతకుమించిన ఇబ్బంది మన పనికి సంబంధించినదే: మెయిల్ వివరాలు అడిగితే సీన్, ఆన్సర్డ్ లాంటి వ్యవస్థ ఫ్లాగులే ఇస్తుంది, కీవర్డులు చూపదు. ‘స్పామ్ గుర్తు ఉన్నా నా కోడుకు కనిపించడం లేదు’ అని తల పట్టుకున్నవారికి కారణం తరచూ ఇదే. సెర్చ్‌లో కీవర్డ్ అని అడిగి దొరికినవాటిని గుర్తుపెట్టుకోవడం ఒక అడ్డదారి. కొత్తగా మొదలుపెట్టేవారు పూర్తిగా పీహెచ్‌పీలోనే రాసిన వెబ్‌క్లెక్స్ లాంటి లైబ్రరీకి వెళ్లడం మేలు. జావాలో జకార్తా మెయిల్ యూజర్ ఫ్లాగులు అనే పేరుతో కీవర్డులను విడిగా ఇస్తుంది, ఇబ్బంది లేదు.

ఐమ్యాప్ వదిలేసి, ఆ సేవలు ప్రోగ్రాంల కోసం ఇచ్చే జీమెయిల్ ఏపీఐ, మైక్రోసాఫ్ట్ గ్రాఫ్ వాడితే? ఒకే సేవలో ఒకే పెట్టె ఉన్నవారికి అది తేలిక. మా మూడు పెట్టెలకు మూడు రకాల కోడ్ రాయాల్సివచ్చేది. ఎలాగూ జీమెయిల్‌కు ఓఆత్ (పాస్‌వర్డు ఇవ్వకుండా ప్రోగ్రాంకు అనుమతి ఇచ్చే పద్ధతి) లేదా యాప్ పాస్‌వర్డు, మైక్రోసాఫ్ట్ 365కు ఓఆత్ కావాలి. మామూలు పాస్‌వర్డుతో లోపలికి వెళ్లే రోజులు పోయాయి.

చూసిన గుర్తు పడకుండా చూడటం

ఈ ప్రోగ్రాంలు చేసే అల్లరి ఇంకొకటి ఉంది. ఫెచ్ ఆదేశంలో బాడీ అని అడిగితే సర్వర్ ఆ మెయిల్‌కు సీన్ ఫ్లాగు పెట్టేస్తుంది. గుమాస్తా వచ్చేసరికి కొత్త మెయిళ్లన్నీ చదివినట్టు కనిపిస్తాయి, ఆయన వాటిని దాటి వెళ్లిపోతాడు. బాడీ.పీక్ అని అడగండి, అది కూడా మొత్తం మెయిల్ కాకుండా మీకు కావలసిన మూడు నాలుగు హెడర్లే. ఫోల్డర్‌ను సెలెక్ట్‌తో కాకుండా ఎగ్జామిన్‌తో తెరిస్తే ఇంకా నిశ్చింత: అది చదవడానికి మాత్రమే తెరుస్తుంది, మీరు పొరపాటున ఏదైనా మార్చబోయినా సర్వర్ ఒప్పుకోదు. ఆ రాత్రి నేను ఎగ్జామిన్ వాడి ఉంటే పొద్దున్నే ఫోను వచ్చేది కాదు.

గంటకోసారి చూడటానికి ఐడిల్, అంటే కొత్త మెయిల్ రాగానే సర్వరే చెప్పే ఏర్పాటు, అవసరం లేదు. అది ఒక కనెక్షన్ మీద ఒకే ఫోల్డర్‌ను కాపలా కాస్తుంది, ఇరవై తొమ్మిది నిమిషాల లోపు మళ్లీ మొదలుపెడుతుండాలి. స్టేటస్ ఆదేశంతో జంక్ ఫోల్డర్ యూఐడీనెక్స్ట్ అంకె, అంటే తర్వాత వచ్చే మెయిల్‌కు పడబోయే నంబరు, అడగండి. కిందటిసారికన్నా పెరిగితేనే లోపలికి వెళ్లండి. పాత నంబర్లు ఇంకా చెల్లుతాయో లేదో చెప్పే యూఐడీవ్యాలిడిటీ మారితే మాత్రం దాచుకున్న నంబర్లన్నీ పారేసి మొదటినుంచి చదవాలి.

పరీక్షించడానికి స్పామ్ కోసం ఎదురుచూడనక్కర్లేదు. జీట్యూబ్ అని ఒక నిర్ణీత అక్షరాల వరస ఉంది. మెయిల్ లోపల అది ఉంటే స్పామ్‌అసాసిన్ వెయ్యి మార్కులు వేస్తుంది. మీ హోస్టింగ్‌లోనే ఉన్న ఇంకో చిరునామా నుంచి పంపుకోండి, బయటి సేవల్లో పంపేటప్పుడే ఆపేస్తారు. ఆర్‌స్పామ్‌డీ అయితే అదే వరసకు మెయిల్‌ను లోపలికే రానివ్వదు, హెడర్ తగిలించి వదిలే పరీక్షకు దాని దగ్గర వేరే వరస ఉంది. ఆ మెయిల్‌తో పాటు ‘రేటు చెప్పండి’ అని ఒక మామూలు మెయిల్ కూడా పంపండి. మొదటిది ‘అవును’ గడిలో, రెండోది ‘కాదు’ గడిలో పడి, రెండూ చదవనివిగానే కనిపించిన తర్వాత ప్రోగ్రాంను క్రాన్‌లో (వేళకు ప్రోగ్రాంలను నడిపే ఏర్పాటు) పెట్టండి, అది కూడా ఆఫీసు తెరిచి ఉన్న వేళలో.